మన చావులకు లెక్క ఎక్కడుంది?

ఆఫీసు మెట్లెక్కిన ఆదివాసీని ముందుగా అడిగే మాట ఒక్కటే: ఆధారం ఏది? భూమి మాదంటే ఆధారం ఏది. ఫలానా మనిషి మా తండ్రి అంటే ఆధారం ఏది. ఆ తండ్రి కాలం చేశాడంటే దానికీ ఆధారం ఏది. బతికున్నామని చూపడానికి ఆధార్ కార్డు ఉంది. అందులో మనవాళ్లు చాలామంది జనవరి 1నే పుట్టినట్టు రాసి ఉన్నా, కార్డు మాత్రం ఉంది. చనిపోయారని చూపడానికే మన దగ్గర కాగితం లేదు.

మేం ఆదివాసీ గూడేల్లో పాఠాలు చెప్పే టీచర్లం. పిల్లల పేర్లు రిజిస్టర్‌లో రాసేటప్పుడు తండ్రి పేరు, తల్లి పేరు అడుగుతాం. తాత పేరు అడిగితే సగం మంది పిల్లలు తలొంచుకుంటారు. ముత్తాత పేరు అడగనే అక్కర్లేదు. అదే గూడెంలో పర్ధాన్ వచ్చి కిక్రి అందుకుంటే మాత్రం ఆ పిల్లవాడి వంశం మూలపురుషుడి దగ్గర నుంచి మొదలవుతుంది. మనకు వంశచరిత్ర లేదన్న మాట అబద్ధం. ఉన్నది రాయబడలేదన్నది నిజం. ఈ రెండింటికీ తేడా తెలియనట్టు నటించేవాళ్లతోనే మా వాదం. ఆ నటనను నమ్మి, మన వెనక ఏమీ లేదనుకుంటున్న మన యువకులతో కూడా.

ముందు ప్రభుత్వ లెక్క చూద్దాం. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. చనిపోయిన 21 రోజుల్లోపు చెబితే పైసా ఖర్చు లేకుండా రాసి, ఒక ప్రతి ఇవ్వాలి. ఇంట్లో చనిపోతే ఇంటి పెద్ద చెప్పాలి, ఆసుపత్రిలో చనిపోతే ఆసుపత్రివాళ్లే చెప్పాలి. 21 రోజులు దాటితే రుసుము. నెల దాటితే పై అధికారి అనుమతి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. ఆ అధికారం ఇదివరకు కోర్టుది. 2023లో చట్టాన్ని సవరించి కలెక్టరుకు, సబ్ డివిజన్ అధికారికి, కలెక్టరు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఇచ్చారు.

కాగితం మీద ఇది చక్కని ఏర్పాటు. గూడెంలో ఎలా ఉందో చూడండి. వాన పడితే వాగు దాటలేం. పంచాయతీ కార్యదర్శి ఒక్కరికి ఎన్నో గూడేలు. దినాలు పూర్తిచేసి, బంధువులను పంపించి, విత్తనాల అప్పు చూసుకునే సరికి 21 రోజులు ఎప్పుడు పోయాయో తెలియదు. కాగితం అవసరం పడేది మూడేళ్ల తర్వాత, ఆ ముసలమ్మ వితంతు పింఛనుకు దరఖాస్తు పెట్టుకున్నప్పుడు. అప్పుడామెను సబ్ డివిజన్ ఆఫీసు చుట్టూ తిప్పుతారు. మా ఎరుకలో ఒక తల్లి భర్త సమాధి చూపిస్తానంది, పూడ్చిన వాళ్లను పిలుచుకొస్తానంది. కాగితం తెమ్మన్నారు. చనిపోయిన మనిషి పేరు మాత్రం ఓటరు జాబితాలో ఇంకా బతికే ఉంది. ప్రభుత్వం దగ్గర మన చావుకంటే మన ఓటుకు ఆయుష్షు ఎక్కువ.

దీని వల్ల పోయేది పింఛను ఒక్కటే కాదు. పట్టాదారు పేరు మీదున్న భూమి వారసులకు విరాసత్ కావాలంటే మరణ పత్రం కావాలి. రైతుబీమా కింద కుటుంబానికి రావలసిన 5 లక్షలకు అదే కావాలి. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా అమ్మడానికి వీలులేదు గానీ వారసులకు వస్తుంది. అయితే వారసుడని తేలాలంటే ముందు హక్కుదారుడు పోయాడని తేలాలి. పట్టా తాత పేరు మీద, సాగు మనవడి చేతిలో, మధ్యలో రెండు తరాల చావులకు కాగితం లేదు. ఇలాంటి కుటుంబం లేని గూడెం ఉంటే చూపించండి. 1970 నాటి 1/70 చట్టం ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదంటుంది. కానీ కోర్టులో నిలబడి ఈ భూమి మా తాతది అని చెప్పాలంటే తాతకూ మనకూ ఉన్న దారి చూపాలి. ఆ దారి తెగిపోయిన చోటే ఎదుటి వకీలు నిలబడతాడు.

మరో నష్టం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. చావు రాయకపోతే రోగం కూడా లేనట్టే. వానాకాలంలో గూడెంలో నలుగురు జ్వరంతో పోతే, ఆ నలుగురి పేర్లూ ఏ రిజిస్టర్లోనూ ఎక్కకపోతే, పైవాళ్ల లెక్కలో ఆ గూడెం ఆరోగ్యంగా ఉన్నట్టే. కాన్పులో పోయిన తల్లి, పుట్టిన వారానికే పోయిన బిడ్డ అసలు లెక్కలోకే రారు. ఆ బిడ్డకు పుట్టుక రాయలేదు, చావూ రాయలేదు. తల్లి మనసులో తప్ప ఈ లోకంలో ఆ బిడ్డకు మరో చోటు లేదు.

ఇక పత్రికల సంగతి. మైదానంలో కాస్త ఉన్న కుటుంబంలో పెద్దాయన పోతే జిల్లా పేజీలో ఫొటోతో నివాళి వస్తుంది. పుట్టిన తేదీ, పోయిన తేదీ, కొడుకులు, కోడళ్లు, మనవల పేర్లు వరుసగా ఉంటాయి. డబ్బు కట్టి వేయించుకున్నదే అయినా, వందేళ్ల తర్వాత వాళ్ల వంశం వెతుక్కునేవాళ్లకు అదొక ఆధారం. మన చావులు ఎలా వస్తాయి? ‘విషజ్వరాలతో ఏజెన్సీ విలవిల’. ‘పిడుగుపడి గిరిజనుడి మృతి’. పేరుంటే ఇంటిపేరు ఉండదు, ఇంటిపేరుంటే తప్పుగా ఉంటుంది. 2024లో కోయ వంశగాథలు పాడిన సకిని రామచంద్రయ్య పోయారు. అదే ఏడాది గుస్సాడీ కనకరాజు పోయారు. ఇద్దరి గురించీ పత్రికలు రాశాయి, సంతోషం. ఇద్దరూ పద్మశ్రీలు. ఆ బిరుదు లేకపోతే వాళ్ల చావులు కూడా ఊరి పొలిమేర దాటేవి కావు. ఒక జాతి మనిషికి సంస్మరణ రావాలంటే ఢిల్లీ నుంచి పతకం రావాలా?

మార్లవాయిని చూడండి. హైమన్‌డార్ఫ్ 1940లలో అక్కడ ఉండి మన గురించి రాశాడు. 1943లో గోండు టీచర్లకు శిక్షణ అక్కడే మొదలైంది. ఈ వృత్తిలో ఉన్న మేం ఆ మేలు మరిచిపోం. ఆయన భార్య బెట్టీ 1987లో పోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో పోయాడు. ఇద్దరినీ ఆ ఊరు ప్రతి ఏటా తలుచుకుంటుంది. అది మన మంచితనం. కానీ ఆయనకు రాత్రంతా కూర్చుని వంశగాథలు వినిపించిన పర్ధాన్లు ఎప్పుడు పోయారు? ఆయనతో కొండలన్నీ తిరిగిన గోండు పెద్దల సమాధులు ఎక్కడున్నాయి? ఆయన తీసిన ఫొటోలు, రాసుకున్న పుస్తకాలు లండన్‌లోని సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిలో మన ముత్తాతలున్నారు. మనవళ్లకు మాత్రం ఆ ముఖాలు తెలియవు. మన పెద్దల బొమ్మలు సముద్రం అవతల, మన పెద్దల పేర్లు మట్టి కింద. ఇదీ మన పరిస్థితి.

పోరాడి పోయినవాళ్లకైనా లెక్క సరిగా ఉందా అంటే అదీ లేదు. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. పుస్తకాల్లో తేదీ ఒకచోట ఒకలా, మరోచోట మరోలా ఉంటుంది. మనవాళ్లు మాత్రం ఆశ్వయుజ పౌర్ణమి అని గుర్తుపెట్టుకున్నారు. ప్రతి ఏటా వర్ధంతి ఆ పౌర్ణమికే. ప్రభుత్వం కూడా చివరికి ఆ లెక్కకే వచ్చింది. కాగితం తడబడిన చోట గూడెం జ్ఞాపకం నిలబడింది. ఇది మనం గర్వంగా చెప్పుకోవలసిన సంగతి.

ఇంద్రవెల్లిలో అలా జరగలేదు. 1981 ఏప్రిల్ 20న పోలీసులు కాల్చారు. ప్రభుత్వం చెప్పిన లెక్క 13. హక్కుల సంఘాలు, మన ప్రజలు చెప్పేది దానికి ఎన్నో రెట్లు. ఇన్నేళ్ల తర్వాత కూడా అందరి పేర్లతో, ఊర్లతో అందరూ ఒప్పుకున్న జాబితా లేదు. స్తూపం కట్టారు, కూల్చారు, మళ్లీ కట్టారు. ఏళ్ల తరబడి ఆ రోజున అక్కడికి వెళ్లి దండం పెట్టుకోవడానికి కూడా ఆంక్షలు పెట్టారు. గాయాలతో అడవిలోకి పరుగెత్తి పోయినవాళ్లను ఎక్కడ పూడ్చారో తెలిసిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. చావు లెక్క రాజకీయం కాదనేవాళ్లు ఇంద్రవెల్లి పేర్లు చెప్పాలి. లెక్క ఎవరి చేతిలో ఉంటే నిజం వాళ్ల చేతిలో ఉన్నట్టే.

కాబట్టి మన లెక్క మనం తీయాలి. అది గాలిలోంచి తీయక్కర్లేదు, మన ఆచారంలోనే ఉంది. పుష్యమాసంలో నాగోబా జాతరకు కేస్లాపూర్ చేరే మెస్రం వంశస్థులు, తమలో కాలం చేసినవారి పేరు మీద తూమ్ పూజ చేస్తారు. కొత్త కోడళ్లను భేటింగ్‌లో దేవుడికి చూపించి వంశంలో చేర్చుకుంటారు. ఒకచోట పోయినవారి పేర్లు, మరోచోట వచ్చినవారి పేర్లు. దీన్ని రిజిస్టర్ అనకపోతే మరేమనాలి? గోండులకు ఎన్ని దేవతల వాళ్లో చెప్పే సగ ఉంది, కోయలకు గట్టు ఉంది. గోండుకు పర్ధాన్, తోటి ఉన్నారు. కోయలకు పడిగె విప్పి వంశం పాడే డోలివారున్నారు. భద్రాచలం వైపు పోయిన పెద్దల పేర రాయి నిలబెట్టే ఆచారం ఉంది. హరిద్వార్ పండాల దగ్గర యాత్రికుల వంశాల బైండు పుస్తకాలుంటే దేశమంతా ఆశ్చర్యపోతుంది. పర్ధాన్ గొంతులో ఉన్నదాన్ని మాత్రం జానపదం అని కల్చరల్ ప్రోగ్రాంలో పది నిమిషాలు పాడించి శాలువా కప్పుతారు. ఆ శాలువాతో మన ఆధారాన్ని కప్పేస్తున్నారు.

ఈ మాటకు చట్టం కూడా తోడుంది. అటవీ హక్కుల నిబంధనల్లో 13వది చదవండి. హక్కు నిరూపణకు ఒప్పుకునే ఆధారాల్లో పాత బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు ఉన్నాయి. పాత భూమి రికార్డుల్లో ఉన్నవారితోనో, ఊరి పాత నివాసులుగా గుర్తింపు ఉన్నవారితోనో సంబంధం చూపే వంశవృక్షం ఉంది. దరఖాస్తుదారు కాని పెద్దల వాంగ్మూలం రాసి ఇస్తే అదీ చెల్లుతుంది. ఫలానా కాగితమే కావాలని పైకమిటీలు పట్టుబట్టకూడదని 2012 సవరణ చెప్పింది. అంటే మన సమాధి, మన వంశం, మన పెద్దమనిషి మాట ఈ మూడూ చట్టం దృష్టిలో ఆధారాలే. అయినా ఆఫీసుల్లో శాటిలైట్ బొమ్మ చూపించి దరఖాస్తు కొట్టేస్తున్నారు. వాళ్లు చట్టం చదవలేదని కాదు. మనం చదవలేదని వాళ్లకు తెలుసు.

మనలో కొందరు రెండు అభ్యంతరాలు చెబుతారు. చావును రాసిపెట్టడం అరిష్టం అన్నది మొదటిది. పోయిన పెద్దలు పెర్సాపేన్‌లో కలుస్తారని నమ్మే జాతి మనది. దేవుడిలో కలిసినవారి పేరు తలవడం అరిష్టం ఎలా అవుతుంది? తూమ్‌లో తలుస్తున్న పేరునే నోటుబుక్కులో రాయమంటున్నాం. ఏ పేరు పైకి చెప్పకూడదో, ఏ కథ బయటివారికి ఇవ్వకూడదో పెద్దలను అడిగి వాళ్లు చెప్పినట్టే చేద్దాం. పుస్తకం ఊళ్లోనే ఉండాలి, ఊరి అనుమతి లేకుండా ఎవరూ ఫొటో తీసుకోకూడదు.

నోటిమాట ఉండగా రాత ఎందుకన్నది రెండోది. నోటిమాట నిలవాలంటే వినే చెవి ఉండాలి. మన పిల్లలు హాస్టళ్లలో ఉన్నారు, సెలవులకు వచ్చినా ఫోన్లో ఉన్నారు. పర్ధాన్ కొడుకు కూలికి పోతున్నాడు. వినే తరం తెగిపోయాక పాడే గొంతు ఎన్నాళ్లుంటుంది? పైగా ఆ పాటలో ఒక లోటుంది, దాన్నీ చెప్పుకోవాలి. వంశం అంటే తండ్రి, కొడుకు, మనవడు. మన అవ్వల పేర్లు అందులో తక్కువ. ఏ ఊరి బిడ్డ, ఏ ఇంటిపేరు నుంచి వచ్చింది, ఎన్ని కాన్పులకు ఎందరు మిగిలారు అన్నది పాటలో దొరకదు. అటవీ హక్కుల పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఇవ్వాలని చట్టం చెబుతుంది. చట్టం గుర్తించిన అవ్వను మన వంశవృక్షం మరిచిపోతే అది మనకే సిగ్గు.

ఎలా వెతకాలి అని యువకులు అడుగుతారు. చేతనైనది చెబుతాం. చావు నమోదయ్యేది జరిగిన చోట, సొంత ఊళ్లో కాదు. గూడెం మనిషి ఆదిలాబాద్‌లోనో, నాగపూర్‌లోనో ఆసుపత్రిలో పోతే ఆ పట్టణపు మున్సిపాలిటీలో వెతకాలి. ఇంట్లో పోయినవారికి పంచాయతీ. అయితే నేటి పంచాయతీ నాటిది కాదు. 2018లో మన గూడేలు చాలా కొత్త పంచాయతీలయ్యాయి, పాత పుస్తకం పాత పంచాయతీలో ఉంటుంది. 2016లో ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. 2014లో పోలవరం కోసం ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. అక్కడి కోయ కుటుంబాల పాత కాగితాలు ఖమ్మం పేరు మీదుంటాయి, వాళ్ల పెద్దల రాళ్లు ముంపులోకి పోతున్నాయి. ఆ రాళ్లను నీళ్లు రాకముందే ఫొటో తీసి, పేర్లు రాయండి. పరిహారంలో సమాధికి ధర కట్టే కాలమ్ లేదు.

రిజిస్టర్ చూడాలంటే అధికారి దయ అక్కర్లేదు. 1969 చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా రుసుము కట్టి వెతికించుకోవచ్చు, నకలు తీసుకోవచ్చు. చావు కారణం ఒక్కటే బయటపెట్టరు. దొరకకపోతే దొరకలేదని రాసివ్వమని అడగండి. ఆలస్యపు నమోదుకు ఆ కాగితమే మొదటి మెట్టు. పేరు వెతికేటప్పుడు ఒక్క రూపంలోనే వెతకొద్దు. మన పేరును ఉర్దూ తెలిసినవాడు ఒకలా, మరాఠీ తెలిసినవాడు ఒకలా, తెలుగు గుమాస్తా మరోలా రాశాడు. పేరుతో పాటు ఇంటిపేరు, ఊరు, భార్య పేరు కలిపి చూడండి. బడి అడ్మిషన్ రిజిస్టర్లు, పాత ఓటరు జాబితాలు, పహాణీలు, రేషన్ కార్డులు అన్నీ చూడండి. ఒక ఏడాది జాబితాలో ఉన్న పేరు తర్వాతి దానిలో లేకపోతే చావు ఆ మధ్యలో వెతకవచ్చు.

తేదీ తెలియదనే ముసలివాళ్లను తేదీ అడగొద్దు. ఇప్పపూలు రాలే రోజులా, దండారి అయిపోయాకా, నాగోబా జాతరకు ముందా అని అడగండి. ఇంద్రవెల్లి కాల్పులకు ముందా తర్వాతా, పెద్ద కొడుకు అప్పటికి నడుస్తున్నాడా అని అడగండి. ఏడాది దానంతటదే బయటకు వస్తుంది. పిలుపు పేరు, కాగితం పేరు, ఇంటిపేరు, సగ లేదా గట్టు, పుట్టిన ఊరు, పోయిన కాలం, సమాధి చోటు, చెప్పినవారి పేరు, రాసిన తేదీ ఇవన్నీ రాయండి. ఇద్దరు పెద్దలు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి, మీకు నచ్చింది ఉంచి రెండోది కొట్టేయొద్దు.

టీచర్లకు ఒక మాట. వేసవి సెలవులకు ప్రాజెక్టు అని తాజ్‌మహల్ బొమ్మలు అతికించమనే బదులు, ప్రతి పిల్లవాడినీ తన నాలుగు తరాలు రాసుకురమ్మందాం. పాత అడ్మిషన్ రిజిస్టర్లు చెదలు పట్టకుండా కాపాడుదాం. అవి అనేక కుటుంబాలకు మిగిలిన ఒకే ఒక్క రాత. ప్రతి గూడెంలో పటేల్ దగ్గర ఒక చావుల పుస్తకం పెట్టి, రాయిసెంటర్‌లో సార్మేడి ముందు ఏటా ఒకసారి చదివి వినిపిద్దాం. మనిషి పోయిన వారంలోపు చదువుకున్న ఒక యువకుడు పంచాయతీకి పోయి చెప్పి రావాలి. పాడె మోయడానికి నలుగురు ఉన్నట్టే, కాగితం మోయడానికి ఒకడుండాలి.

ప్రభుత్వాన్ని అడిగేవి మూడు. పాత చావుల నమోదుకు ఐటీడీఏ ద్వారా గూడేల్లోనే శిబిరాలు పెట్టి, ఉత్తర్వులు అక్కడికక్కడే ఇవ్వాలి. 1996 పెసా చట్టం గుర్తించిన గ్రామసభ తీర్మానం చేసి ఫలానా మనిషి పోయాడంటే దాన్ని సాక్ష్యంగా తీసుకోవాలి. ఇంద్రవెల్లిలో పోయినవారందరి పేర్లూ ఊరూరా విచారించి ప్రకటించాలి. ఇవి దయ కోసం అడగడం లేదు. ఆధారం ఏది అని మనల్ని అడిగే ప్రభుత్వానికి, ఆ ఆధారం రాసిపెట్టవలసిన బాధ్యత తనదేనని గుర్తు చేస్తున్నాం.

మనం చేయవలసింది మాత్రం ఎవరి ఉత్తర్వు కోసమూ ఆగదు. ఇవాళ గూడెంలో అందరికంటే పెద్దవయసు ఎవరిదో మీకు తెలుసు. ఈ వారమే నోటుబుక్కు పట్టుకుని ఆ అవ్వ దగ్గర కూర్చోండి. ముందు ఆమె తల్లి పేరు అడగండి.